వ్యాపార సాఫ్ట్‌వేర్ కొనడమా, చేయించుకోవడమా, మార్పించుకోవడమా: విశాఖపట్నం వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోనగర్ షెడ్ల యజమానులు, రొయ్యల ఎగుమతిదారులు, పోర్టు పనుల మీద ఆధారపడిన కస్టమ్స్ బ్రోకర్లు, పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వర్తకులు సాఫ్ట్‌వేర్ విషయమై సలహాకు వచ్చినప్పుడు నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. జవాబులలో నా అభిప్రాయాలు కూడా ఉన్నాయి. అవి అభిప్రాయాలేనని అక్కడక్కడే తెలుస్తుంది.

కొనడం, చేయించుకోవడం, మార్పించుకోవడం: ఈ మూడింటికీ తేడా ఎక్కడ?

కొనడమంటే వేలమంది వాడుతున్న ప్యాకేజీకి లైసెన్సు రుసుమో నెలవారీ చందానో కట్టి, ఉన్నది ఉన్నట్టుగా వాడుకోవడం. టాలీ, జోహో బుక్స్, ఎస్ఏపీ బిజినెస్ వన్ వంటివి ఈ కోవలోవి. చేయించుకోవడమంటే మీ ఒక్కరి అవసరం కోసం మొదటి నుంచి కోడు రాయించడం. ఈ రెండూ అందరికీ అర్థమవుతాయి. తికమకంతా మూడో దాని దగ్గరే వస్తుంది. బిల్లు నమూనా మార్చుకోవడం, కొనుగోలుకు ఎవరెవరు ఆమోదం తెలపాలో పెట్టుకోవడం, ఒక అదనపు గడి చేర్చుకోవడం వంటివాటికి ప్యాకేజీలోనే వీలుంటుంది. అది అమరిక మాత్రమే. ఆ వీలు లేనిచోట కోడులో చెయ్యి పెట్టడం అసలైన మార్పు. అమ్మేవారు రెండింటినీ కస్టమైజేషన్ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు గనుక, కొటేషన్ చేతికి రాగానే ఏది అమరిక, ఏది కోడు మార్పు అన్నది వరుసవారీగా రాసిమ్మని అడగండి. రాసివ్వడానికి వెనకాడేవారితో అక్కడే ఆగిపోవచ్చు.

నిర్ణయానికి ముందు దేన్ని చూడాలి?

మీ సంస్థలో ఇప్పటికీ చేత్తో నింపుతున్న పుస్తకాన్ని చూడండి. ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నేను చూసినది చెబుతాను. ఆఫీసు గదిలో ఆరు కంప్యూటర్లు, వాటిలో బాగా ఖర్చుపెట్టి కొన్న ప్యాకేజీ ఉన్నాయి. సరుకు దిగే చోట, కాటా పక్కన మాత్రం, తడిసి అంచులు ఉబ్బిన రూళ్ల పుస్తకం ఒకటి ప్లాస్టిక్ సంచిలో ఉంది. ఏ రైతు, ఏ చెరువు, ఎన్ని క్రేట్లు, ఐసు తీశాక బరువెంత, శాంపిల్ తీసి లెక్కపెడితే కౌంటు ఎంత తేలింది, మెత్తబడిన సరుకుకు ఎంత కోత వేశారు అన్నవన్నీ అందులోనే ఉన్నాయి. రొయ్య ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి నడుస్తుంది. 30 కౌంటుగా మాట్లాడుకున్న సరుకు కాటా దగ్గర 33 తేలితే రైతుకు ఇవ్వవలసిన మొత్తమే మారిపోతుంది. కొన్న ప్యాకేజీలో కౌంటుకు గడి లేదు. అందుకని గుమాస్తా సాయంత్రం ఆ పుస్తకాన్ని పైకి తెచ్చుకుని, రిమార్కులు అనే గడిలో "33 తేలింది, నాలుగో చెరువు, సాఫ్ట్ కోత" అని టైపు చేస్తున్నాడు. రిమార్కులలో పడిన అంకెను ఏ రిపోర్టూ కూడదు. నెలాఖరుకు కోత మొత్తం ఎంతయిందని యజమాని అడిగితే మళ్లీ ఆ తడిసిన పుస్తకమే తెరవాలి.

ఎన్ని ప్యాకేజీలు మారినా ఆ పుస్తకం అక్కడి నుంచి కదలలేదంటే, మీ వ్యాపారం ఇతరుల వ్యాపారానికి భిన్నంగా నడిచే చోటు అదేనన్నమాట. కాబట్టి ఎవరి డెమోకూ వెళ్లకముందు ఒక పదిహేను రోజులు కేటాయించి, ఇలాంటి పుస్తకాలు, ఎక్సెల్ ఫైళ్లు, పనులు నడిచే వాట్సాప్ గ్రూపులు ఎన్ని ఉన్నాయో, ఒక్కొక్కటి ఎవరి చేతిలో ఉందో రాసుకోండి. సాధారణంగా యజమానులు మూడు నాలుగు ఉంటాయనుకుంటారు. లెక్క తేలేసరికి పది దాటుతుంది.

ఖాతాలు, జీఎస్‌టీ, జీతాలు కూడా మా పద్ధతిలోనే చేయించుకోవచ్చా?

వద్దు. చట్టం అందరికీ ఒకే విధంగా నిర్దేశించిన పనిలో మీ పద్ధతి అనేది ఉండదు, ఉంటే ఆడిటరు ఒప్పుకోరు. పైగా ఆ చట్టం నిలకడగా ఉండదు. ఈ-ఇన్‌వాయిస్ నిబంధననే, అంటే వ్యాపార సంస్థలకు ఇచ్చే బిల్లులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్నదాన్నే తీసుకోండి. 2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, 100 కోట్లు, 50 కోట్లు, 20 కోట్లు, 10 కోట్లు అంటూ దిగుతూ, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు, ఆపైన టర్నోవరు ఉన్నవారు ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజులలోపు పోర్టల్‌లో నమోదు చేయాలన్న గడువు కూడా చేరింది. అదే ఏడాది సెప్టెంబరు 3న జీఎస్‌టీ మండలి రేట్ల మార్పును నిర్ణయిస్తే, అది సెప్టెంబరు 22 నుంచే అమలైంది. ఈ మధ్య ఉన్న మూడు వారాలలోపు సమయంలో ప్యాకేజీ వాడేవారికి అప్‌డేట్ వచ్చింది. సొంతంగా చేయించుకున్నవారు మాత్రం రాసిన మనిషికి ఫోను మీద ఫోను చేయవలసి వచ్చింది.

మీది కంపెనీ చట్టం కింద నమోదైన సంస్థ అయితే మరొకటి కూడా ఉంది. ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో తేదీతో సహా నమోదయ్యే ఎడిట్ లాగ్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదు. భాగస్వామ్య సంస్థలకు, సొంత యాజమాన్య వ్యాపారాలకు ఈ నియమం వర్తించదు. ఇవన్నీ మీ ఖర్చుతో మళ్లీ రాయించడమంటే ఇంటికి సొంతంగా కరెంటు ఉత్పత్తి చేసుకున్నట్టే.

అయితే సొంతంగా చేయించుకోదగిన పని ఏది?

పైన చెప్పిన తడిసిన పుస్తకం. ఆ ప్లాంటు విషయమే కొనసాగిస్తాను, ఎందుకంటే ఆ పుస్తకం విలువ ధర లెక్కతో అయిపోదు. విదేశీ కొనుగోలుదారు, ముఖ్యంగా యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు కఠినంగా ఉండే యూరప్ కొనుగోలుదారు, ఒక కార్టన్ నంబరు చెప్పి ఇందులోని సరుకు ఏ చెరువు నుంచి వచ్చిందో చెప్పమంటే వెనక్కి నడిచి చూపగలగాలి. కాటా దగ్గర నమోదైన చెరువు వివరం తలలు తీయడం, గ్రేడింగు, గడ్డకట్టించడం, ప్యాకింగు అనే దశలన్నీ దాటి కార్టన్ మీది లేబుల్ దాకా చేరాలి. గ్రేడింగు బల్ల మీద రెండు చెరువుల సరుకు కలిసిన క్షణంలో లాటు ఎలా విడగొట్టాలన్నది ఒక్కో ప్లాంటు ఒక్కో విధంగా తేల్చుకుంటుంది. బయట దొరికే సాధారణ ప్యాకేజీలో ఆ నియమం ఉండదు, అది మీ ప్రొడక్షన్ మేనేజరు తలలో ఉంటుంది.

ఇక్కడ చేయించుకోవలసింది చిన్నదే. కాటా పక్కన ఒక ట్యాబ్లెట్, తడి చేతులకు, గ్లవుజులకు కూడా అందేంత పెద్ద బొత్తాలు, తెలుగులో పేర్లు, నెట్ పోయినా ఆగకుండా నమోదు చేసుకుని తరువాత పంపే ఏర్పాటు. అక్కడి నుంచి ఖాతాల ప్యాకేజీకి వెళ్లవలసింది రైతువారీ కొనుగోలు వోచరు ఒక్కటే. మిగతాదంతా తన దగ్గరే ఉంచుకోవాలి.

ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఇదే స్థానం పార్టీ, అంటే పని అప్పగించిన కస్టమరు, పంపిన ఇనుప ప్లేటు లెక్కది. ఎంత కోశాం, మిగిలిన ముక్కలలో పనికొచ్చేవి ఏవి, స్క్రాపు ఎంత, పార్టీకి తిరిగి పంపింది ఎంత అన్నది తేలాలి. జాబ్ వర్కుకు వచ్చిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి వెళ్లాలన్న జీఎస్‌టీ గడువు కూడా దీనికే ముడిపడి ఉంది. కస్టమ్స్ బ్రోకరుకైతే ఏ కంటైనరుకు ఉచిత రోజులు ఎప్పటితో అయిపోతున్నాయో ముందుగా హెచ్చరించే పట్టికే ప్రాణం. డిటెన్షన్, అంటే ఉచిత రోజులు దాటాక కంటైనరుకు రోజువారీగా పడే రుసుము, ఒకసారి మొదలైతే ఆ డబ్బు ఎవరు భరించాలన్న గొడవ పార్టీతో ఏళ్లనాటి సంబంధాన్ని కూడా చెడగొడుతుంది.

కొన్న ప్యాకేజీనే మాకు సరిపడేట్టు మార్పించుకుంటే రెండు లాభాలూ దక్కవా?

దక్కవచ్చు, అయితే మార్పు ఎక్కడ చేస్తున్నారన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. ప్యాకేజీ అంచున చేసే మార్పు, అంటే కొత్త రిపోర్టు, కొత్త ముద్రణ నమూనా, మరో వ్యవస్థతో సమాచార మార్పిడి వంటివి, అప్‌డేట్ వచ్చినా సాధారణంగా నిలబడతాయి. టాలీలో టీడీఎల్ అనే సొంత భాషలో రాయించుకునే చాలా మార్పులు ఈ తరహావే. నిల్వ విలువ ఎలా కట్టాలి, ఖాతాలోకి పద్దు ఎలా పడాలి అనే మూలంలో చెయ్యి పెడితే మాత్రం, ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ మార్పును మళ్లీ సరిచేసి, మళ్లీ పరీక్షించాలి. రెండుసార్లు డబ్బు పెట్టాక మూడోసారి యజమాని విసిగి అప్‌డేట్లే మానేస్తాడు. అప్పుడు చందా కడుతూ పాత వెర్షన్ వాడుతున్న స్థితి వస్తుంది. కొన్నందువల్ల లాభమూ లేదు, చేయించుకున్నందువల్ల స్వేచ్ఛా లేదు.

పెద్ద సంస్థలే ఇందులో చిక్కుకున్నాయి. జర్మనీకి చెందిన లిడిల్ సూపర్‌మార్కెట్ల సంస్థ 2011లో ఎస్ఏపీ వ్యవస్థకు మారే పని మొదలుపెట్టి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో దాన్ని వదిలేసింది. అప్పట్లో వార్తలలో వచ్చిన కారణాలలో ఒకటి మన కిరాణా వర్తకుడికి కూడా అర్థమయ్యేదే. ప్యాకేజీ నిల్వ సరుకును అమ్మకపు ధర మీద లెక్కకట్టేది, లిడిల్ తన పాత అలవాటు ప్రకారం కొన్న ధర మీద కట్టేది. అలవాటు మార్చుకోకుండా ప్యాకేజీని మార్చబోయారు.

అందుచేత మార్పు కోరే ప్రతి ఉద్యోగినీ నేను ఒకే మాట అడుగుతాను: ఇలా చేయడం వల్ల మన పార్టీకి లాభమా, లేక మనకిది పదేళ్ల అలవాటా? నిజాయతీగా జవాబు చెబితే జాబితాలో సగం అలవాట్లే మిగులుతాయి. వాటిలో కొన్నిటిని మాత్రం వదిలించడానికి ప్రయత్నించకండి. నలభై ఏళ్లుగా అదే వరుసలో రోకడ (నగదు పద్దు) చూసుకుంటున్న పెద్దాయనకు ఆ వరుసలోనే ఒక రిపోర్టు ముద్రించి ఇవ్వడం చవకైన పని, దానితో పోరాడడమే ఖరీదైనది.

ఖర్చును ఎలా పోల్చాలి?

మొదటి బిల్లుతో కాకుండా ఐదేళ్ల మొత్తంతో పోల్చాలి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. 20 మంది వాడే ప్యాకేజీకి మనిషికి నెలకు 1,500 రూపాయలైతే ఏడాదికి 3,60,000, ఐదేళ్లకు 18,00,000. అదే పనిని 12,00,000కు చేసిస్తామని ఒకరు ముందుకు వచ్చారనుకోండి. పైకి ఇది చవక. కానీ ఏటా అందులో ఐదో వంతు నిర్వహణకు వేసుకుంటే, మొదటి ఏడాది మినహాయించినా నాలుగేళ్లకు 9,60,000 చేరి మొత్తం 21,60,000 అవుతుంది. సర్వరు ఖర్చు వేరు. ఇంకా ఎవరూ రాయని పద్దు ఒకటుంది. పని తెలిసిన మీ సీనియర్ గుమాస్తా, స్టోరు చూసే మనిషి ఆరు నెలలపాటు వారానికి రెండు రోజులు కోడు రాసే కుర్రాళ్లకు మీ పని వివరిస్తూ కూర్చోవాలి. అది తలా యాభై రోజులు.

ఇదే లెక్క తిరగబడే చోటు కూడా ఉంది. కాటా దగ్గర, షెడ్డులో, గోడౌనులో అరవై మంది రోజుకు పది నిమిషాలు వాడే పనికి మనిషికింత అని చందా కట్టడం దండగ. మనుషులు ఎక్కువ, ఒక్కొక్కరి వాడకం తక్కువ ఉన్నచోట చేయించుకున్నదే గిట్టుబాటవుతుంది.

ఖాతాలు, స్టోరు, కొనుగోళ్లు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ నెక్స్ట్, ఓడూ కమ్యూనిటీ వంటి ప్యాకేజీలు ఉచితమంటున్నారు. నిజమేనా?

లైసెన్సు ఉచితం. అమర్చడం, నడపడం, నేర్పడం ఉచితం కావు. సోర్సు కోడు, అంటే ప్రోగ్రాము అసలు రాత, చేతికి అందడం, అమ్మినవారు వదిలేసినా మరొకరితో నడిపించుకోగలగడం వీటి అసలు బలం. తయారీ, స్టోరు, కొనుగోళ్లు కలిసి ఉన్న మధ్యతరహా సంస్థకు నేను తరచుగా సూచించేది ఈ దారినే. అయితే కోడు చేతిలో ఉంది కదా అని మూలాన్ని మార్చేస్తే పై జవాబులోని తిప్పలన్నీ ఇక్కడా ఉంటాయి.

తెలిసిన కుర్రాడు తక్కువలో చేసిస్తానంటున్నాడు. అతనికి ఇవ్వమంటారా?

కుర్రాడి పనితనం సంగతి తరువాత, ముందు కాగితం సంగతి చూడండి. డబ్బు ఇచ్చాం గనుక కోడు మనదేనని అందరూ అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం జీతం మీద పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడుకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు. బయటి వ్యక్తి కాంట్రాక్టు మీద రాసినదానికి మాత్రం, హక్కును బదిలీ చేస్తూ సంతకంతో రాసివ్వకపోతే, రాసినవాడే హక్కుదారు. ఆ బదిలీ పత్రంలో కాలపరిమితి పేర్కొనకపోతే ఐదేళ్లకు మాత్రమే ఇచ్చినట్టు, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు చట్టం భావిస్తుంది. ఎగుమతిదారులు ఈ రెండో అంశాన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

కొన్నేళ్ల క్రితం నేనే ఒక చిన్న సంస్థతో మా ఆఫీసు పనుల కోసం ఒక అప్లికేషన్ రాయించుకుని, నోటిమాటతో సరిపెట్టుకున్నాను. వారు బెంగళూరు తరలిపోయారు. సర్వరు పాస్‌వర్డు, డొమైను, సోర్సు కోడు మూడూ వారి దగ్గరే ఉండిపోయాయి. వారు చెడ్డవారు కారు, ఫోను ఎత్తేవారు, వచ్చే వారం పంపిస్తామనేవారు. ఏడు నెలలు అలాగే గడిచాక సమాచారమంతా మళ్లీ టైపు చేయించాను. అప్పటి నుంచి ఎవరికి సలహా ఇచ్చినా డొమైను, సర్వరు, కోడు దాచే ఖాతా అన్నీ సంస్థ ఈమెయిలు మీదే తెరిపించి, ప్రతి విడత చెల్లింపునూ ఆ విడత కోడు అందడానికి ముడిపెట్టమంటున్నాను.

క్లౌడా, మన ఆఫీసులోనే సర్వరా?

ఈ ఊరి వారికి 2014 అక్టోబరు 12 గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆఫీసులోని సర్వరు గదిలోకి నీళ్లు వచ్చినవారు సమాచారం పోగొట్టుకున్నారు. అంతా క్లౌడులో, అంటే నెట్ ద్వారా అందే బయటి సర్వర్లలో ఉంచుకున్నవారికి సమాచారం భద్రంగానే ఉన్నా, నెట్ లేక బిల్లు కొట్టలేకపోయారు. కాబట్టి ఖాతాలను క్లౌడులో, సరుకు దిగే చోట పనిని నెట్ లేకపోయినా నడిచే విధంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. కంపెనీలైతే ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్‌ను రోజువారీగా భారతదేశంలో ఉన్న సర్వరులో ఉంచాలన్న నియమం కూడా ఉంది. సర్వరు ఏ దేశంలో ఉందో అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి.

డెమోలో ఏం అడగాలి?

వారి నమూనా సమాచారంతో చూపించే డెమో ఎప్పుడూ అందంగానే ఉంటుంది. మీ గత ఏడాది బిల్లులలో అన్నిటికంటే గజిబిజిగా ఉన్నది ఒకటి తీసుకెళ్లండి. సగం సరుకు వెనక్కి వచ్చి, ధర తగ్గి, అడ్వాన్సులో సర్దుబాటు చేసిన బిల్లు అయితే మరీ మంచిది. మీ ఎదురుగానే దాన్ని ఎక్కించమనండి. తరువాత, రేపు మేము మానేస్తే మా సమాచారం ఏ రూపంలో ఇస్తారని అడగండి. కంపెనీలు ఖాతా పుస్తకాలను ఎనిమిదేళ్లు భద్రపరచాలి, చందా ఆపినా ఆ బాధ్యత ఆగదు.

కృత్రిమ మేధ ఇప్పుడు కోడు రాసేస్తోంది కదా, ఇంకా కొనడం ఎందుకు?

కోడు రాయడం చవకయిన మాట నిజమే, చిన్న పనిముట్లు చేయించుకోవడం దీనివల్ల తేలికవుతోంది. కానీ మెత్తబడిన సరుకుకు కోత ఎంత వేయాలో అది చెప్పలేదు, రేపు జీఎస్‌టీ పోర్టల్‌లో తేడా వస్తే బాధ్యతా తీసుకోదు.

కొత్త వ్యవస్థకు ఎప్పుడు మారాలి?

పాత సమాచారాన్ని శుభ్రం చేసుకున్నాక. నేను చూసిన ఒక సరుకుల పట్టికలో ఒకే రకం రొయ్య "వనామీ 30", "వన్నామి 30 కౌంట్", "వి 30", "30 హెడ్‌ఆన్" అని నాలుగు పేర్లతో, నాలుగు వేర్వేరు నిల్వలతో ఉంది. దాన్ని అలాగే కొత్త ప్యాకేజీలోకి ఎక్కిస్తే కొత్త ప్యాకేజీ కూడా మొదటి రోజే అబద్ధం చెబుతుంది.

వ్యాపారం జోరుగా ఉన్న నెలలలో మారకండి. అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ సంస్థ 1999లో సరిగ్గా హాలోవీన్ అమ్మకాలకు ముందు కొత్త వ్యవస్థకు మారి, గోడౌన్లలో సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను పంపలేకపోయింది. ఖాతాలకు మాత్రం ప్రారంభ నిల్వలు తేలిక కాబట్టి ఏప్రిల్ 1 అనుకూలమైన రోజు. హార్బరు బోట్ల మీద ఆధారపడిన వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చిన సెలవు ఒకటుంది: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. స్టోరు, కొనుగోలు విభాగాలను ఆ రోజులలో మార్చి, సిబ్బందికి నేర్పించి, పాత పుస్తకంతో పక్కపక్కన నడిపి చూసుకోవచ్చు. చెరువు రొయ్యతో నడిచేవారికి ఈ లెక్క కుదరదు, వారు తమ పట్టుబడి నెమ్మదించే నెలలను చూసుకోవాలి.

మాది ఐదుగురు పనిచేసే దుకాణం. ఇదంతా మాకు అవసరమా?

ఇప్పుడు అవసరం లేదు. మీ ఆడిటరు వాడే ప్యాకేజీయే కొనుక్కోండి, రిటర్నుల వేళ ఫైళ్లు పంపుకోవడం తేలికవుతుంది. దానిలో ఇమడని పనికి పుస్తకమే పెట్టుకోండి. కాకపోతే ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ అవే గడులు, అదే వరుసలో గీయించి నింపించండి. ఎప్పుడైనా దాన్ని కంప్యూటరులోకి తేవలసి వస్తే, చేసిచ్చేవారికి చూపించడానికి ఆ పుస్తకం ఒక్కటి చాలు.